చిక్కడపల్లిలో గంట ఖరీదు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ వస్తువు ధర గురించి మాట వచ్చినా అది చివరికి బేసిక్ పే దగ్గరికే చేరుతుంది. గ్రూప్స్, సివిల్స్, రైల్వే, బ్యాంకు పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి గదుల్లో, హాస్టళ్లలో సర్దుకున్న వాళ్లకు వేతన సంఘాల లెక్కలు కంఠతా వచ్చు. కాబట్టి ఆటలాడే పెట్టెకు 54,990 రూపాయలు అడగడం న్యాయమా కాదా అన్న తగాదాను ఈ పేట కొలబద్దతోనే కొలిచి చూడొచ్చు. 1995లో సెగా కంపెనీ తన మెగా డ్రైవ్‌ను షా వాలెస్ ద్వారా మన దేశంలో అమ్మకానికి పెట్టింది. ధర 18,000 రూపాయలు. మరుసటి ఏడాది నుంచి అమల్లోకి వచ్చిన ఐదో వేతన సంఘం ప్రకారం కేంద్ర ప్రభుత్వంలో అట్టడుగు ఉద్యోగి బేసిక్ 2,550. అంటే ఏడు నెలల జీతం. 2007లో సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడు ధర 39,990. ఆరో వేతన సంఘం ఇచ్చిన కనీస బేసిక్ 7,000. ఆరు నెలలకు కాస్త తక్కువ. 2022 నవంబరులో ప్లేస్టేషన్ 5 ధర 54,990కి పెరిగే నాటికి ఏడో వేతన సంఘం కనీస బేసిక్ 18,000. మూడు నెలలు. అప్పటి 38 శాతం డీఏ కూడా కలుపుకుంటే రెండు నెలల పైచిలుకు. ఆ జీతం ఇంకా చేతికందని వాళ్లే ఈ లెక్క వేస్తున్నారన్నది వేరే సంగతి. లెక్క వరకు చూస్తే, ఈ మూడు పెట్టెల్లో ఇదే చవక.

బంగారంతో కొలిచినా అదే మాట. ప్లేస్టేషన్ 3 వచ్చిన కాలంలో పది గ్రాములు పదివేల చుట్టుపక్కల ఉండేది. ఆ పెట్టె ధరకు దాదాపు నలభై గ్రాములు వచ్చేవి. 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 ఇక్కడికి 49,990కి వచ్చినప్పుడు ఆ డబ్బుకు పది గ్రాములు దొరకడమే గొప్ప. బంగారం మరీ దౌడు తీసింది కాబట్టి ఈ కొలత కొంత మోసపుచ్చుతుందని ఒప్పుకుందాం. అయినా కంపెనీ దోచుకుంటోందన్న ఆరోపణకు బలం చాలదు. అమెరికాలో దాని ధర 499 డాలర్లు, అప్పటి మారకంలో 36,500 చిల్లర. ఇక్కడి ధరకూ దానికీ ఉన్న పదమూడు వేల పైచిలుకు తేడాలో పెద్ద భాగం పన్నులదే. 2018 బడ్జెట్లో వీడియో గేమ్ కన్సోళ్ల మీద కస్టమ్స్ సుంకం 10 నుంచి 20 శాతానికి పెరిగింది. అదే ఏడాది డిసెంబరులో జీఎస్టీని 28 నుంచి 18కి తగ్గించాలని నిర్ణయించారు. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో కొంత వెనక్కిచ్చారు. 54,990లో జీఎస్టీ ఒక్కటే ఎనిమిదివేల నాలుగు వందల దాకా ఉంటుంది. ఆ పైన పెరిగిన అయిదువేలకూ రూపాయి 73 నుంచి 82కి జారడం ఒక కారణం. ఇంతవరకూ కంపెనీ వాదనే నెగ్గుతుంది.

అయితే ఈ లెక్కకు అంతుపట్టని విషయం ఒకటుంది. పెట్టె ధర ఏడు నెలల జీతంగా ఉన్న కాలంలోనే హైదరాబాద్ పేటల్లో పిల్లలు వీడియో గేములు విరగబడి ఆడారు. కొనగలిగిన ఇల్లు వీధికి ఒకటి కూడా ఉండేది కాదు, ఆడని పిల్లవాడు మాత్రం అరుదు. ధరను జీతంతో భాగించి తీర్పు చెప్పే పద్ధతి ఇక్కడ తప్పుతుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి పేటల్లో ఖరీదైన వస్తువు జనానికి అందింది దాని ధర తగ్గినందువల్ల కాదు, దాన్ని ముక్కలు చేసి అమ్మగలిగినందువల్ల. పెట్టె ఎంతన్నది ఎవరూ అడగలేదు, గంట ఎంతన్నదే అడిగారు. నా వాదన ఇదే: కొత్త కన్సోల్ ధర ఎక్కువో తక్కువో దాని మీద వేసిన అంకె చెప్పదు, ఆ అంకెను ఎంతమంది మధ్య పంచవచ్చో అది చెబుతుంది. ఆ లెక్కన చూస్తే ఈ తరం పెట్టె నిజంగానే ఖరీదు.

ఈ పంపకం ఆటలతో మొదలైంది కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి, ఓడియన్. నారాయణగూడ వైపు వస్తే దీపక్, శాంతి. కాలినడకన చుట్టేయగల ఈ మేర అంతా ఒకప్పుడు సినిమా పేట. 70 ఎంఎం ప్రొజెక్టర్ ఖరీదెంతో టికెట్ క్యూలో నిలబడ్డవాడికి అక్కర్లేదు. అదే తెర, అదే బొమ్మ, అదే మోత. ముందు వరసలో కూచుంటే ఒక రేటు, బాల్కనీలో ఇంకో రేటు. ఒకే వస్తువును ఒకే సమయంలో రకరకాల జేబులకు అమ్మడం ఈ హాళ్లు నేర్పిన విద్య. ఆ ముక్కల ధర ఎంతుండాలన్నది ప్రభుత్వం తన పనిగానే భావించింది. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు జీవో ఏసీ థియేటర్‌కు 50 నుంచి 150 రూపాయల మధ్య, ఏసీ లేని హాలుకు 30 నుంచి 70 మధ్య, మల్టీప్లెక్స్‌కు 100 నుంచి 250 మధ్య టికెట్ ఉండాలని నిర్ణయించింది. గరిష్ఠం ఎంతని పోట్లాడుకున్నవాళ్లు ఆ కనిష్ఠం వైపు పెద్దగా చూడలేదు గానీ, నా దృష్టిలో ఆ జీవోలో అసలు చరిత్ర అక్కడే ఉంది: మనిషి ముప్ఫై రూపాయలతో కూడా తలుపు దాటగలగాలి అన్న పాత ఒప్పందం.

సినిమా హాళ్ల నుంచి నాలుగడుగులు వేస్తే నగర కేంద్ర గ్రంథాలయం. అది ఇదే పద్ధతికి ఇంకో రూపం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. పుస్తకాన్ని ముక్కలు చేయలేం కాబట్టి దాని ఖర్చును ఊరంతటి మీదా పరిచారన్నమాట. రీడింగ్ రూముల్లో దినపత్రిక మొత్తంగా ఒకరి చేతిలో ఎంతోసేపు ఉండదు. సంపాదకీయం పేజీ ఒకరికి, ఆటల పేజీ ఇంకొకరికి, ఉద్యోగ ప్రకటనలు మూడో మనిషికి. చదివేసినవాడు తన ముక్కను బల్ల మీద జరిపి ఎదుటివాడి ముక్క కోసం చూస్తాడు. గ్రంథాలయం చేరని చోట అద్దె పుస్తకాల కొట్లు చేరాయి. యద్దనపూడి, యండమూరి, మల్లాది నవలలకు కొంత డిపాజిట్ కట్టి రోజుకింతని ఇచ్చి తెచ్చుకునేవారు. ఇంట్లో నలుగురు చదివాకే తిరిగిచ్చేవారు గనక అద్దె మళ్లీ నాలుగు ముక్కలయ్యేది. సైకిల్ గంటకింత. 1982 ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చాక వీసీఆర్ రాత్రికింత. వీసీఆర్, కలర్ టీవీ, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి ఒక శనివారం రాత్రికి అద్దెకు తెచ్చి, వాటా వేసుకున్న ఇళ్లవాళ్లంతా ఒక హాల్లో చేరి తెల్లవార్లూ చూసే అలవాటు తెలుగు ఊళ్లన్నిటికీ తెలిసిందే. ఆ వీసీఆర్‌ను సొంతానికి కొనడం ఎందుకని ఎవరూ వాదించుకోలేదు, అసలు ఆ ఊహే రాలేదు.

వీడియో గేములు వచ్చి ఈ సిద్ధంగా ఉన్న అలవాటులో ఇమిడిపోయాయి. మొదట నిలబడి ఆడే పెద్ద మెషీన్లు. స్ట్రీట్ ఫైటర్, ఆ తర్వాత దేశమంతా ‘ముస్తఫా’ అని పిలుచుకున్న ఆట. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ చేసింది. అందులో ఉన్న నలుగురు వీరుల్లో ముస్తఫా ఒకడు. పిల్లలు ఆటకే అతని పేరు పెట్టేశారు. మెషీన్ లక్షణం ఏమిటంటే అది గంటను కూడా కాదు, ప్రాణాన్ని అమ్ముతుంది. బిళ్ల వేస్తే ఇన్ని ప్రాణాలు. బాగా ఆడేవాడికి ఒక్క బిళ్లతో అరగంట, చేతకానివాడికి రెండు నిమిషాలు. నైపుణ్యం ఉన్నవాడికి ధర తానే తగ్గిపోయే ఇంత విచిత్రమైన రేటు పట్టిక మరే వ్యాపారంలోనూ కనపడదు. చుట్టూ మూగినవాళ్లకు చూడటం ఉచితం, పైగా సలహాలివ్వడమూ ఉచితమే. ఇళ్లలోకి వచ్చినవి నింటెండో ఫామికామ్‌కు నకళ్లు. ‘టీవీ గేమ్’ అనేవారు, కాట్రిడ్జిని క్యాసెట్ అనేవారు, దాని మీద 9999 ఆటలని అచ్చేసి ఉండేది, లోపల చూస్తే ఓ పదో ఇరవయ్యో తిరగేసి మరగేసి వచ్చేవి. ఆ క్యాసెట్లు కూడా ఒక ఇంట్లో నిలిచేవి కావు, వీధంతా తిరిగేవి. తర్వాత ప్లేస్టేషన్, ప్లేస్టేషన్ 2 గేమ్ పార్లర్లకు చేరాయి. ఒక గది, నాలుగైదు టీవీలు, తీగలు నలిగిన కంట్రోలర్లు, నోటు పుస్తకంలో ఒక్కో టీవీకి ఎదురుగా రాసుకున్న టైము. ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడినవాడు ఇద్దరి డబ్బులూ కట్టాలన్నది కుర్రాళ్లలో వాళ్లు పెట్టుకున్న రూలు.

ఈ గంట లెక్కను ఆ 54,990 ధరతో వేసి చూద్దాం. గంటకు వంద రూపాయలు, ఇద్దరు ఆడితే మనిషికి యాభై అనుకుందాం. వారానికి రెండు గంటలు ఆడే కుర్రాడికి ఏడాదికి 5,200 అవుతుంది. పెట్టె ధరంత డబ్బు అతను కట్టేసరికి పదేళ్లు దాటుతుంది. ప్లేస్టేషన్ 3 2006లో, 4 2013లో, 5 2020లో పుట్టాయి. అంటే ఏడేళ్లకో తరం మారుతోంది. అతను పాత పెట్టె ధర పూర్తిగా కట్టకముందే కొత్తది వచ్చేస్తుంది, పార్లర్‌వాడు దాన్ని కొంటాడు, ఇతను మళ్లీ యాభై ఇస్తాడు. పార్లర్‌వాడి వైపు నుంచి చూస్తే రోజుకు ఆరు గంటలు నడిచిన పెట్టె, గది అద్దె, కరెంటు పక్కన పెడితే, మూడు నెలల్లో తన ఖరీదు తాను రాబట్టుకుంటుంది. ఎవరికీ ధర ఎక్కువ కాలేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. విడిగా కొనడం సాధారణంగా ఖరీదే. పెట్టె కొని రెండు వేల గంటలు ఆడినవాడికి గంట పడేది ఇరవై ఏడు రూపాయలే, మరి యాభై కట్టే పేదవాడే కదా మోసపోయింది అంటారు. అంకెలు నిజమే. కానీ రెండు వేల గంటలు తీరిక ఉన్నవాడికే ఆ ఇరవై ఏడు. పరీక్షకు చదువుతూ ఆదివారం సాయంత్రం రెండు గంటలు తప్పించుకునేవాడికి మిగతా గంటలు చవగ్గా ఇస్తామన్నా అక్కర్లేదు. పైగా అతను కొనేది యంత్రాన్ని మాత్రమే కాదు. పెద్ద టీవీ, పాడైతే బాగుచేసే బాధ్యత, ఎదురుగా కూచుని ఆడే మనిషి, ఇవన్నీ ఆ యాభైలోనే ఉన్నాయి. హాస్టల్ గదిలో మంచం పక్కన పెట్టె పెట్టుకోవడానికి చోటెక్కడిది?

రెండో అభ్యంతరం ఇంకా ఇబ్బందికరమైనది, దాన్ని దాటవేయకూడదు. ఈ పంపకంలో చాలా భాగం దొంగసరుకు మీద నడిచింది. టీవీ గేములు నకళ్లు, పార్లర్ల డిస్కుల్లో ఎక్కువ భాగం కాపీలు, వీడియో క్యాసెట్లలోనూ అంతే. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించింది ప్రధానంగా వీడియో పైరసీని అడ్డుకోవడానికే. 1994 సవరణ కంప్యూటర్ ప్రోగ్రాములను అద్దెకిచ్చే హక్కును కూడా హక్కుదారు చేతిలో పెట్టింది. కన్సోళ్లతో వచ్చే లైసెన్సు పత్రం సొంత వాడకానికే తప్ప వ్యాపారానికి కాదని చెబుతుంది. కాబట్టి ఆట తయారుచేసినవాడికి పైసా ముట్టకుండా నడిచిన ఆనందాన్ని చవక ధరకు నిదర్శనంగా చూపడం న్యాయం కాదనే మాట చెల్లుతుంది. అయితే దొంగసరుకు వల్లే చవక సాధ్యమైందన్న నిర్ణయానికి మాత్రం నేను రాలేను. 2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సాక్షాత్తూ సోనీ. ఆట ఏమంత గొప్పగా లేదని అప్పటి సమీక్షకులు తేల్చేశారు, దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడమేమిటని అభ్యంతరాలూ వచ్చాయి. నాకు పట్టింపున్నది దాని ధర మీద: 499 రూపాయలు. అమెరికాలో 2000 సంవత్సరంలో 299 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 2 ఆ 2009లోనే 99 డాలర్లకు దిగింది. యంత్రం పాతబడే కొద్దీ దిగింది, ఆట ఈ ఊరి జేబుకు తగ్గట్టు దిగింది, అంతా సక్రమంగా, బిల్లుతో. అలా నడపడం తెలిసిన కంపెనీయే ప్లేస్టేషన్ 5 నాటికి తన పెద్ద ఆటలకు 4,999 పెట్టింది.

తయారీదారులకు అద్దె అంటే మొదటి నుంచీ గిట్టదు, దొంగసరుకు లేని చోట కూడా. 1989లో అమెరికాలో నింటెండో బ్లాక్‌బస్టర్ మీద దావా వేసింది. ఆటలు అద్దెకిస్తున్నందుకు నేరుగా వేయడానికి చట్టం ఒప్పుకోలేదు, అద్దెతోపాటు సూచనల పుస్తకాన్ని జిరాక్స్ తీసి ఇస్తున్నందుకు వేసింది. మరుసటి ఏడాది సాఫ్ట్‌వేర్ అద్దెను నిషేధిస్తూ అక్కడ చట్టం వచ్చినా, ఆట పెట్టెల్లో వేసే కాట్రిడ్జిలకు మినహాయింపు దొరికింది. చట్టంతో కానిది తర్వాత యంత్రంతో చేయబోయారు. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటిస్తూ రోజుకోసారి ఇంటర్నెట్‌కు హాజరు వేయాలని, వాడిన డిస్కులు చేతులు మారడానికి షరతులుంటాయని చెప్పింది. గోల పెరిగి కొద్ది వారాల్లోనే వెనక్కి తీసుకుంది. అప్పుడు ఒక్క దెబ్బకు చేయలేకపోయిన పని ఇప్పుడు విడతలవారీగా జరుగుతోంది. ప్లేస్టేషన్ 5ను డిస్కు పెట్టే చోటు లేకుండా కూడా అమ్ముతున్నారు. 2024లో 700 డాలర్లకు వచ్చిన ప్రో మోడల్లో డిస్కు డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. నింటెండో స్విచ్ 2లో కొన్ని ఆటల కార్డులో ఆటే ఉండదు, దించుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. ఆ కార్డు ఇంకా చేతులు మారుతుంది గానీ, అకౌంటుకు దించుకున్న ఆట మారదు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో అమ్ముకోలేం, పక్కింటివాడికి వారం రోజులు ఇవ్వలేం.

ఆగితే ధర దిగుతుందన్న ఆశ కూడా పోయింది. ప్లేస్టేషన్ 3 అమెరికాలో 599 డాలర్లతో మొదలై మూడేళ్లలో 299కి వచ్చింది. ప్లేస్టేషన్ 5 మన దగ్గర రెండేళ్లు తిరక్కుండానే అయిదువేలు పెరిగింది, అమెరికాలో 2025 ఆగస్టులో ఇంకో 50 డాలర్లు పెరిగింది. పాతబడే కొద్దీ ప్రియమయ్యే యంత్రం ఈ వ్యాపారంలో కొత్త వింత. చిప్పుల ధర మునుపటిలా పడటం లేదని, సుంకాలు, మారకం రేట్లు తోడయ్యాయని కంపెనీలకు కారణాలున్నాయి. అవి నిజమే అయినా, పంపకం, నిరీక్షణ, సెకండ్‌హ్యాండ్ అనే మూడు దారుల్లో ఇదొకటి మూసుకున్నదన్నదీ నిజమే.

ఫోన్‌లో ఉచితంగా ఆడుకునేవాడికి ఈ బాధ ఎందుకంటారేమో. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు దానికి ఎంతమంది అలవాటుపడ్డారో ఈ దేశానికి తెలిసొచ్చింది, ఏడాది తిరక్కుండా అది వేరే పేరుతో తిరిగొచ్చింది కూడా. కానీ ఫోన్ ఆట ఉచితం కావడానికి ముందు నలుగురు ఆడాలంటే నాలుగు ఫోన్లుండాలి. పార్లర్‌లో ఒక పెట్టెను నలుగురు పంచుకుంటే, ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో యంత్రం కొనుక్కుని వస్తారు. అది పంపకానికి సరిగ్గా తిరగేసిన లెక్క. తెర వెడల్పు సంగతి సరేసరి.

ఇవన్నీ చూశాక 2022 నవంబరు పెంపు నాటి కంపెనీ పట్టికలోని రెండు అంకెలను పక్కపక్కన పెడితే అసలు బేరం కనిపిస్తుంది. అప్పట్లో డిస్కు పెట్టే ప్లేస్టేషన్ 5 ధర 54,990, డిస్కు లేనిది 44,990. చవకైనది రెండోదేనని కొట్టువాళ్లు చెప్పేవారు. పార్లర్ నడిపేవాడు మాత్రం పదివేలు ఎక్కువ పెట్టి మొదటిదే కొనేవాడు. ఆట పాతబడ్డాక డిస్కు అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, రెండు టీవీలకు ఒకే డిస్కు తిప్పొచ్చు. 4,999 పెట్టి కొన్న ఆట సగం ధరకు అమ్ముడుపోయినా, నాలుగు ఆటలతో ఆ పదివేలు వెనక్కి వస్తుంది. వాడు కట్టిన ఆ పదివేలు యంత్రానికి కాదు, చేతులు మార్చుకునే వీలుకు. ఒకప్పుడు ఆ వీలు పెట్టె ధరలోనే కలిసి వచ్చేది.